మూలకాల ఆవర్తన పట్టిక: చారిత్రక పరిణామం

3.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:

• మూలకాలను వర్గీకరించడానికి మెండలీఫ్‌కు ముందు జరిగిన ప్రయత్నాలు, వాటి పరిమితులు
• 1860 నాటి కార్ల్స్‌రూ సమావేశం ఈ చరిత్రలో కీలకం కావడానికి కారణం
• మెండలీఫ్ వదిలిన ఖాళీల ప్రాధాన్యం
• పరమాణు భారం స్థానంలోకి పరమాణు సంఖ్య వచ్చిన తీరు
• జడవాయువులు, విరళ మృత్తిక మూలకాలు, యురేనియం తరువాతి మూలకాలు పట్టికలో చేరిన క్రమం

3.1 పరిచయం

మీరు పదో తరగతిలో ఆవర్తన పట్టికను చదివే ఉంటారు. తరగతి గోడకు వేలాడే పెద్ద చార్టు, రంగురంగుల గడులు, ఒక్కొక్క గడిలో ఒక సంకేతం, రెండు అంకెలు మీకు గుర్తుండవచ్చు. మనలో చాలామందిమి మొదటి ఇరవై మూలకాలను వరసగా కంఠస్థం చేసి, పరీక్షలో రాసి, ఆ తరువాత మరచిపోయినవాళ్లమే. ఆ చార్టును చూస్తే అది మొదటినుంచీ అలాగే ఉన్నట్లు అనిపిస్తుంది. నిజానికి అది సుమారు రెండు శతాబ్దాలపాటు సవరణలు పొందుతూ వచ్చింది.

ఈ భాగాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. 1866లో లండన్‌లో న్యూలాండ్స్ అనే రసాయన శాస్త్రవేత్త మూలకాలను పరమాణు భారాల క్రమంలో అమర్చితే వాటి ధర్మాలు మళ్లీమళ్లీ పునరావృతమవుతాయని చెప్పాడు. సభలో ఆయనను ఎగతాళి చేశారు. మూడేళ్ల తరువాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మెండలీఫ్ దాదాపు అదే మాట చెప్పాడు. ఆయన పేరు శాశ్వతంగా నిలిచిపోయింది. ఆలోచన ఒకటే అయినప్పుడు ఫలితం ఎందుకు వేరయింది?

దీనికి జవాబు పట్టికలోని ఖాళీ గడులలో ఉంది. ఒక అమరిక కేవలం కాకతాళీయమా, లేక ప్రకృతి నియమమా అని తేల్చుకోవడం ఎలా? తెలిసిన విషయాలను చక్కగా పేర్చడం ఒక్కటే చాలదు. తెలియని విషయం గురించి ముందుగా చెప్పాలి. అది తప్పయితే తప్పని తేలిపోయే విధంగా చెప్పాలి. ఈ భాగంలోని ప్రతి ఘట్టాన్నీ ఈ కొలబద్దతో చూస్తూ చదవండి.

3.2 జాబితా నుంచి సంబంధం వైపు

1789లో ఫ్రెంచి శాస్త్రవేత్త లెవోయిజర్ తన గ్రంథంలో 33 సరళ పదార్థాల జాబితా ఇచ్చాడు. ఇంకా సరళమైన పదార్థాలుగా విడగొట్టలేనివి ఏవో అవే మూలకాలని ఆయన నిర్వచించాడు. ఆ జాబితాలో ఆక్సిజన్, హైడ్రోజన్, గంధకం, బంగారం ఉన్నాయి. వాటితోపాటు కాంతి, ఉష్ణం కూడా ఉన్నాయి. సున్నం వంటి సమ్మేళనాలు కూడా ఉన్నాయి, ఎందుకంటే వాటిని విడగొట్టే సాధనం అప్పటికి లేదు. జాబితాలో తప్పులున్నా, మూలకం అంటే ఏమిటో ప్రయోగం ద్వారా నిర్ణయించాలన్న సూత్రం స్థిరపడింది.

తరువాతి మెట్టు డాల్టన్‌ది. ప్రతి మూలకానికీ దానికే ప్రత్యేకమైన పరమాణువులు ఉంటాయని, వాటికి నిర్దిష్టమైన భారం ఉంటుందని ఆయన 1808లో వెలువడిన గ్రంథంలో ప్రతిపాదించాడు. దీనితో మూలకాలను పోల్చడానికి ఒక సంఖ్య దొరికింది. రంగు, రుచి, మెరుపు వంటి గుణాలను వరసలో పెట్టలేం, సంఖ్యలనైతే పెట్టగలం.

జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాబరీనర్ ఈ సంఖ్యలలో ఒక పొందికను చూశాడు. ఒకే రకమైన ధర్మాలున్న మూడు మూలకాలను భారాల క్రమంలో రాస్తే, మధ్య మూలకం భారం మిగిలిన రెండింటి సగటుకు దగ్గరగా ఉంటుంది. లిథియం 7, సోడియం 23, పొటాషియం 39 తీసుకోండి. 7, 39ల సగటు సరిగ్గా 23. క్లోరిన్ 35.5, అయోడిన్ 127. వీటి సగటు 81.25, బ్రోమిన్ పరమాణు భారం 80. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియంల విషయంలోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. 1829లో ఆయన ప్రకటించిన ఈ అమరికలనే త్రికాలు అంటారు.

అయితే త్రికాలలో ఇమిడే మూలకాలు కొన్నే. ఒక త్రికానికీ మరొక త్రికానికీ సంబంధం ఏమిటో కూడా తెలియలేదు. డాబరీనర్ చేతికి దొరికినవి విడివిడి ముక్కలు. మొత్తం చిత్రం ఇంకా కనిపించలేదు.

3.3 కార్ల్స్‌రూ సమావేశం: అంకెలు సరిపడ్డ రోజు

ముక్కలు కలవకపోవడానికి ఒక పెద్ద కారణం ఉంది. పరమాణు భారాల విషయంలోనే శాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. నీటిని ఉదాహరణగా తీసుకోండి. నీటిలో 1 గ్రాము హైడ్రోజన్‌కు 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటుందని త్రాసు చెబుతుంది. నీటి అణువులో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయనుకుంటే ఆక్సిజన్ పరమాణు భారం 8 అవుతుంది. రెండు హైడ్రోజన్‌లు ఉన్నాయనుకుంటే 16 అవుతుంది. త్రాసు తప్పు చెప్పదు, కాని ఏది సరైన ఫార్ములానో అది చెప్పలేదు.

ఫలితంగా ఒకరు వాడే భారం మరొకరికి సగంగానో రెట్టింపుగానో కనిపించేది. జర్మన్ శాస్త్రవేత్త కెక్యూలే 1861లో వెలువరించిన పాఠ్యగ్రంథంలో ఎసిటిక్ ఆమ్లం ఒక్కదానికే అప్పట్లో వాడుకలో ఉన్న 19 ఫార్ములాలను ఒకచోట చేర్చి చూపించాడు. ఇలాంటి అంకెలతో ఎవరు పట్టిక వేసినా అది కుదరదు.

ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1860 సెప్టెంబరు 3 నుంచి 5 వరకు జర్మనీలోని కార్ల్స్‌రూ నగరంలో ఐరోపా రసాయన శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. సుమారు 140 మంది హాజరయ్యారు. ఇటలీకి చెందిన కానిజారో అక్కడ ఒక పాత విషయాన్ని గుర్తుచేశాడు. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణాలు గల వాయువులలో సమాన సంఖ్యలో అణువులు ఉంటాయని అవగాడ్రో 1811లోనే చెప్పాడు. దానిని అంగీకరిస్తే పరమాణు భారాలను నిస్సందేహంగా నిర్ణయించవచ్చునని కానిజారో వాదించాడు. సమావేశం ఏ తీర్మానమూ చేయకుండానే ముగిసింది. కాని చివర్లో ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని ప్రతినిధులకు పంచారు.

ఆ ప్రతినిధులలో ఇద్దరు యువకులున్నారు. ఒకరు జర్మనీకి చెందిన లోథర్ మేయర్, మరొకరు రష్యాకు చెందిన మెండలీఫ్. తరువాతి పదేళ్లలో ఆవర్తన పట్టిక అనేకమంది చేతుల్లో విడివిడిగా రూపుదిద్దుకోవడానికి ఇదే కారణం. అంకెలు సరిపడగానే, వాటిలో ఉన్న క్రమం చూసేవారి కళ్లకు కనబడసాగింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) డాబరీనర్ త్రికాలలో మధ్య మూలకం ప్రత్యేకత ఏమిటి?
(ఆ) నీటి ఉదాహరణతో 1860కి ముందు పరమాణు భారాల విషయంలో ఉన్న సమస్యను వివరించండి.

3.4 ఎగతాళికి గురైన అష్టకాలు

1862లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త డి షాంకుర్ట్వా ఒక స్తూపం చుట్టూ మర మాదిరిగా ఏటవాలు గీత గీసి, దానిపై మూలకాలను పరమాణు భారాల క్రమంలో గుర్తించాడు. ఒకే రకమైన మూలకాలు చాలావరకు ఒకదాని కింద ఒకటి నిలువుగా వచ్చాయి. కాని ఆయన వ్యాసం అచ్చయినప్పుడు దానికి ప్రాణమైన ఆ బొమ్మే అందులో లేదు. బొమ్మ లేకుండా చదివినవారికి విషయం అర్థం కాలేదు.

ఇంగ్లండులో న్యూలాండ్స్ మూలకాలను భారాల క్రమంలో పెట్టి వరస సంఖ్యలు ఇచ్చాడు. ఏ మూలకం నుంచి లెక్కపెట్టినా ఎనిమిదవ మూలకం మొదటిదానిని పోలి ఉండడం ఆయన గమనించాడు. స, రి, గ, మ, ప, ద, ని తరువాత మళ్లీ స వచ్చినట్లే లిథియం తరువాత ఎనిమిదవదిగా సోడియం, దాని తరువాత ఎనిమిదవదిగా పొటాషియం వస్తాయి. జడవాయువులు అప్పటికి తెలియవు కాబట్టి లెక్క ఇలా కుదిరింది. దీనికి ఆయన అష్టక సిద్ధాంతం అని పేరు పెట్టాడు.

1866 మార్చి 1న లండన్ కెమికల్ సొసైటీ సమావేశంలో ఆయన దీనిని వివరించినప్పుడు, సభ్యులలో ఒకరైన ఫాస్టర్, మూలకాలను అక్షర క్రమంలో పెట్టి చూశారా అని అడిగాడు. ఏ క్రమంలో పెట్టినా ఏదో ఒక పోలిక దొరుకుతుందన్నది ఆ వెటకారానికి అర్థం. సొసైటీ ఆ వ్యాసాన్ని ప్రచురించలేదు.

ఆ ప్రశ్నను మనం కేవలం మొరటుతనంగా తీసిపారేయకూడదు. అది వెటకారమే అయినా, దానిలో అసలైన శాస్త్రీయ సందేహం ఉంది: ఇది నియమమా, కాకతాళీయమా? న్యూలాండ్స్ పట్టికలో దానికి గట్టి జవాబు లేదు. కాల్షియం దాటిన తరువాత పోలికలు చెదిరిపోయాయి. కోబాల్ట్, నికెల్‌లను ఒకే గడిలో ఇరికించి, క్లోరిన్, బ్రోమిన్ ఉన్న వరసలో పెట్టవలసి వచ్చింది. 1864లో సిలికాన్, తగరాల మధ్య ఒక మూలకం లోపించిందని ఆయనే సూచించినా, అష్టకాల పట్టికలో ఖాళీలు వదలలేదు. తెలిసిన మూలకాలన్నింటినీ ఎలాగోలా సర్దేశాడు. కొత్త మూలకం దొరికితే దానికి చోటు ఉండదు.

చక్కెర శుద్ధి కర్మాగారంలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన న్యూలాండ్స్‌కు 1887లో లండన్ రాయల్ సొసైటీ డేవీ పతకాన్ని ఇచ్చింది. ఆ సభ జరిగి అప్పటికి ఇరవై ఒక్క సంవత్సరాలు.

3.5 మెండలీఫ్: ఖాళీలు వదిలిన ధైర్యం

మెండలీఫ్ 1834లో సైబీరియాలోని టొబోల్స్క్‌లో జన్మించాడు. తండ్రి చూపు కోల్పోవడంతో తల్లి మరియా గాజు కర్మాగారాన్ని నడిపి పెద్ద కుటుంబాన్ని పోషించింది. భర్త చనిపోయాక ఆ కర్మాగారం కూడా అగ్నికి ఆహుతైంది. ఆమె చిన్న కొడుకును చదివించడానికి వేల కిలోమీటర్లు ప్రయాణించి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేర్చింది. కళాశాలలో చేర్చిన కొద్ది కాలానికే, 1850లో, కన్నుమూసింది.

1867లో ఆ నగర విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడైన మెండలీఫ్ విద్యార్థుల కోసం పాఠ్యగ్రంథం రాయసాగాడు. మీరిప్పుడు చదువుతున్న పట్టిక పుట్టింది ఒక పాఠ్యపుస్తకం అవసరం నుంచేనని గమనించండి. అప్పటికి 63 మూలకాలు తెలుసు. మొదటి సంపుటంలో కొద్ది మూలకాలకే పుటలు నిండిపోయాయి. మిగిలినవాటిని ఏ క్రమంలో బోధించాలి? ఈ ప్రశ్నతో ఆయన ఒకే రకమైన మూలకాల కుటుంబాలను వాటి పరమాణు భారాల ప్రకారం పక్కపక్కన పెట్టి చూశాడు. పట్టిక ఆయనకు కలలో కనిపించిందనే కథ ప్రచారంలో ఉంది. కాని కొట్టివేతలతో, దిద్దుబాట్లతో నిండిన ఆయన చేతిరాత చిత్తుప్రతి నేటికీ ఉంది. అది చూస్తే ఇది మెలకువగా ఉండి పడ్డ శ్రమ అని అర్థమవుతుంది.

1869 మార్చి 1న (అప్పటి రష్యా పంచాంగం ప్రకారం ఫిబ్రవరి 17) తయారైన ఆ పట్టికలో నాలుగు చోట్ల మూలకం పేరుకు బదులు ప్రశ్నార్థకం ఉంది. వాటి పక్కన 45, 68, 70, 180 అని అంచనా భారాలు రాశాడు. ఈ నాలుగు అంకెలను గుర్తుపెట్టుకోండి.

1871లో ఆయన పట్టికను ఎనిమిది గ్రూపులుగా మెరుగుపరిచాడు. మూడు ఖాళీలకు ఏకా-బోరాన్, ఏకా-అల్యూమినియం, ఏకా-సిలికాన్ అని పేర్లు పెట్టి, వాటి ధర్మాలను వివరంగా రాశాడు. ఇందులోని ‘ఏక’ మనకు తెలిసిన సంస్కృత పదమే. ‘బోరాన్ తరువాత ఒకటవది’ అన్న అర్థంలో ఆయన దానిని వాడాడు.

ఆయన అంచనా గాలిలోంచి వచ్చింది కాదు. మీరే లెక్కవేసి చూడండి. ఏకా-సిలికాన్‌కు పైన సిలికాన్ 28, కింద తగరం 118, ఒక పక్క ఏకా-అల్యూమినియం 68, మరొక పక్క ఆర్సెనిక్ 75 ఉన్నాయి. ఈ నాలుగింటి మొత్తం 289, సగటు 72.25. మెండలీఫ్ ఇచ్చిన అంచనా 72.

ఖాళీలు వదలడంతోపాటు ఆయన మరొక సాహసం చేశాడు. చోటు కుదరని మూలకాల భారాలే తప్పుగా నిర్ణయించారని వాదించాడు. యురేనియం భారాన్ని 120 నుంచి 240కి పెంచాడు; నేటి విలువ 238. ఇండియం భారాన్ని సుమారు 76 నుంచి 113కు మార్చాడు. నేటి విలువ 114.8. బెరీలియం భారం 14 కాదు, 9 అన్నాడు, అదీ నిజమైంది.

మెండలీఫ్‌కు స్వతంత్రంగా లోథర్ మేయర్ కూడా ఇదే దారిలో నడిచాడు. 1864లోనే 28 మూలకాలను సంయోజకత ఆధారంగా అమర్చాడు. పరమాణు ఘనపరిమాణం పరమాణు భారంతోపాటు అలలు అలలుగా మారుతుందని 1870లో ప్రకటించిన వక్రంలో చూపాడు. కాని తెలియని మూలకాల ధర్మాలను అంత వివరంగా ముందే చెప్పే సాహసం ఆయన చేయలేదు. 1882లో రాయల్ సొసైటీ డేవీ పతకాన్ని ఇద్దరికీ కలిపి ఇచ్చింది.

3.6 పరీక్షకు నిలిచిన జోస్యం

1875లో ఫ్రాన్సులో లెకాక్ డి బ్వాబోద్రాన్ జింకు ఖనిజంలో వర్ణపట గీతల ద్వారా కొత్త మూలకాన్ని కనుక్కొని, గాలియం అని పేరు పెట్టాడు. ఇది తాను చెప్పిన ఏకా-అల్యూమినియమేనని మెండలీఫ్ ప్రకటించాడు. అంతటితో ఆగలేదు. గాలియం సాంద్రత 4.7 అని కనుక్కొన్నవాడు కొలవగా, అది 5.9 ఉండాలని, నమూనాను శుద్ధి చేసి మళ్లీ కొలవమని రాశాడు. లోహాన్ని ఎన్నడూ చేత్తో తాకని వ్యక్తి, దానిని కనుక్కొన్న వ్యక్తి కొలతను దిద్దుతున్నాడన్నమాట. శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది. పరమాణు భారం సుమారు 69.7 అని తేలింది. ‘68’ ప్రశ్నార్థకం తీరింది.

1879లో స్వీడన్‌లో నిల్సన్ స్కాండియంను కనుక్కొన్నాడు. అదే ఏకా-బోరాన్ అని క్లీవ్ గుర్తించాడు. దీనితో ‘45’ తీరింది. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో వింక్లర్ జెర్మేనియంను కనుక్కొన్నాడు. అది ఏకా-సిలికాన్. మెండలీఫ్ అంచనాలను వింక్లర్ కొలతలతో పోల్చి చూడండి:

• పరమాణు భారం: అంచనా 72, కొలత 72.32
• సాంద్రత: అంచనా 5.5, కొలత 5.47
• ఆక్సైడ్ సాంద్రత: అంచనా 4.7, కొలత 4.703
• క్లోరైడ్ సాంద్రత: అంచనా 1.9, కొలత 1.887
• క్లోరైడ్ మరుగు స్థానం: అంచనా 100 డిగ్రీల సెల్సియస్‌కు కొద్దిగా తక్కువ, కొలత 86 డిగ్రీలు

అక్షర క్రమంలో పెట్టిన జాబితా ఇలాంటి అంచనాలు ఇవ్వలేదు. ఫాస్టర్ వేసిన ప్రశ్నకు ఇరవై ఏళ్ల తరువాత దొరికిన జవాబు ఇది.

అయితే మెండలీఫ్ చెప్పినవన్నీ నిజం కాలేదు. పరమాణు భారాల క్రమంలో అయోడిన్ (127) తరువాత టెల్లూరియం (సుమారు 128) రావాలి. కాని ధర్మాలను బట్టి చూస్తే అయోడిన్ క్లోరిన్, బ్రోమిన్‌ల గ్రూపులోనే ఉండాలి. ఆయన ధర్మాలకే ప్రాధాన్యం ఇచ్చి క్రమాన్ని మార్చాడు. టెల్లూరియం భారాన్ని తప్పుగా కొలిచారని, అది 123 నుంచి 126 మధ్య ఉండాలని అన్నాడు. ఎన్నిసార్లు కొలిచినా టెల్లూరియమే బరువుగా తేలింది. యురేనియం విషయంలో ఆయన చేసిన వాదన ఇక్కడ పనిచేయలేదు. స్థానం సరైనదే, కారణం తప్పు. అసలు కారణం తెలియడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(అ) న్యూలాండ్స్ పట్టికకు, మెండలీఫ్ పట్టికకు ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?
(ఆ) గాలియం సాంద్రత విషయంలో ఏం జరిగింది?
(ఇ) టెల్లూరియం, అయోడిన్‌ల జంట మెండలీఫ్‌కు ఎందుకు చిక్కు తెచ్చింది?

3.7 ఎవరూ ఊహించని కుటుంబం

మెండలీఫ్ పట్టికలో ఖాళీలున్నాయి. కాని ఒక గ్రూపు మొత్తానికే చోటు లేదన్న సంగతి ఎవరికీ తెలియదు. ఈ ఘట్టం మన తీరాంధ్రలో మొదలవుతుంది.

1868 ఆగస్టు 18న ఏర్పడిన సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాల మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులతో సూర్యుడి అంచున లేచే జ్వాలలను పరిశీలించారు. ఆ జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. వాటిలో ఒక పసుపు గీత సోడియం గీతలకు దగ్గరగా ఉంది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను పరిశీలించి, అది సోడియంది కాదని తేల్చాడు. సూర్యుడి గ్రీకు పేరు హీలియోస్ నుంచి ఆ కొత్త మూలకానికి హీలియం అనే పేరు వచ్చింది. భూమిపై దొరకని ఆ మూలకాన్ని చాలామంది నమ్మలేదు. మెండలీఫ్ పట్టికలోనూ దానికి చోటు దక్కలేదు.

తరువాతి అడుగు త్రాసు వేసింది. గాలి నుంచి తీసిన నైట్రోజన్ లీటరుకు సుమారు 1.257 గ్రాములు ఉండగా, రసాయన పద్ధతిలో తయారుచేసిన నైట్రోజన్ 1.251 గ్రాములే ఉందని రాలీ గమనించాడు. తేడా మూడవ దశాంశ స్థానంలో ఉంది. దానిని కొలత పొరపాటుగా వదిలివేయకుండా రాలీ, రామ్సే పరిశోధించి 1894లో ఆర్గాన్‌ను కనుక్కొన్నారు. మరుసటి ఏడాది రామ్సే యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే పసుపు గీతను చూశాడు. గుంటూరు గ్రహణానికి 27 ఏళ్ల తరువాత హీలియం భూమిపై దొరికింది.

ఆర్గాన్ దేనితోనూ కలవదు. దాని పరమాణు భారం 39.9. పట్టికలో ఆ చోట పొటాషియం (39.1), కాల్షియం (40.1) ఉన్నాయి, మధ్యలో గడి లేదు. ఆర్గాన్ మూడు నైట్రోజన్ పరమాణువుల అణువు కావచ్చునని మెండలీఫ్ మొదట సందేహించాడు. 1898లో రామ్సే, ట్రావర్స్ నియాన్, క్రిప్టాన్, జినాన్‌లను కనుక్కోవడంతో ఇది ఒక కుటుంబమని స్పష్టమైంది. క్లోరిన్ కుటుంబానికి, సోడియం కుటుంబానికి మధ్య సున్నా గ్రూపు అనే కొత్త వరసను చేర్చారు. పట్టిక విరిగిపోలేదు, ఒక గ్రూపు పెరిగి మరింత పొందికగా నిలిచింది. కాని భారాల క్రమం తప్పిన జంటల్లో మరొకటి చేరింది: ఆర్గాన్, పొటాషియం.

3.8 మోస్లే: భారం నుంచి సంఖ్యకు

మూలకానికి పట్టికలో ఉండే వరస సంఖ్యకు కేంద్రకంలోని ధనావేశానికి సంబంధం ఉందని డచ్చి దేశస్థుడు వాన్ డెన్ బ్రూక్ సూచించాడు. దానిని ప్రయోగంతో నిరూపించినవాడు ఇంగ్లండుకు చెందిన మోస్లే. 1913–14లో ఆయన అల్యూమినియం నుంచి బంగారం వరకు అనేక మూలకాల ఎక్స్-కిరణాల పౌనఃపున్యాలను కొలిచాడు. పౌనఃపున్యాల వర్గమూలాలను వరస సంఖ్యలతో గ్రాఫు గీస్తే సరళరేఖ వచ్చింది. పరమాణు భారాలతో గీస్తే అంత చక్కగా రాలేదు. వరస సంఖ్య కేవలం మనం పెట్టుకున్న నంబరు కాదని, పరమాణువులోనే ఉన్న భౌతిక రాశి అని తేలింది. అదే పరమాణు సంఖ్య.

దీనితో పాత చిక్కులు విడిపోయాయి. కోబాల్ట్ 27, నికెల్ 28. ఆర్గాన్ 18, పొటాషియం 19. టెల్లూరియం 52, అయోడిన్ 53. ధర్మాలను నమ్మి మెండలీఫ్ పెట్టిన క్రమమే సరైనది. మరి భారాలు ఎందుకు తారుమారయ్యాయి? ఒకే మూలకానికి వేరువేరు భారాలున్న పరమాణువులు ఉండవచ్చునని సాడీ 1913లో చెప్పాడు. వీటినే ఐసోటోపులు అంటారు. మనం కొలిచే పరమాణు భారం వాటి సగటు. భూమిపై ఉన్న ఆర్గాన్‌లో అధికభాగం పొటాషియం-40 విఘటనం వల్ల ఏర్పడిన బరువైన ఆర్గాన్-40. అందుకే అది పొటాషియం కంటే బరువుగా తేలింది.

మూలకాల ధర్మాలు వాటి పరమాణు భారాల ఆవర్తన ప్రమేయాలు అన్న మెండలీఫ్ నియమం, మూలకాల ధర్మాలు వాటి పరమాణు సంఖ్యల ఆవర్తన ప్రమేయాలు అని మారింది. ఇదే ఆధునిక ఆవర్తన నియమం.

దీనివల్ల మరొక ప్రయోజనం కలిగింది. భారాల మధ్య ఎన్ని మూలకాలు లోపించాయో ఖచ్చితంగా చెప్పలేం. పూర్ణాంకాల మధ్య అయితే చెప్పగలం. 43, 61, 72, 75 సంఖ్యల దగ్గర ఖాళీలున్నాయని మోస్లే చూపాడు. ఆయన ఇక తన పనిని కొనసాగించలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, 1915 ఆగస్టు 10న గలిపోలీలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు.

3.9 ఎలక్ట్రాన్లు ఇచ్చిన కారణం

ధర్మాలు ఎందుకు పునరావృతమవుతాయో మెండలీఫ్‌కు తెలియదు. ఆయన 1907లో మరణించేనాటికి కేంద్రకం గురించి కూడా ఎవరికీ తెలియదు. పరమాణువులో ఎలక్ట్రాన్లు కర్పరాలలో అమరి ఉంటాయన్న బోర్ సిద్ధాంతంతో కారణం బయటపడింది. బాహ్య కర్పరంలో ఒకే రకమైన ఎలక్ట్రాన్ విన్యాసం ఉన్న మూలకాలు ఒకే రకంగా ప్రవర్తిస్తాయి. పీరియడ్ల పొడవులు 2, 8, 8, 18, 18, 32గా ఉండడానికి ఎలక్ట్రాన్లు నిండే క్రమమే కారణం. న్యూలాండ్స్ అష్టకాలు కాల్షియం దాటాక ఎందుకు చెదిరాయో ఇప్పుడు మీరు చెప్పగలరు.

ఇప్పుడు 1869 నాటి నాలుగు ప్రశ్నార్థకాలను గుర్తుచేసుకోండి. 45, 68, 70 తీరాయి. జిర్కోనియం వరసలో రాసిన 180 మిగిలింది. పరమాణు సంఖ్య 72 గల ఆ మూలకం విరళ మృత్తిక మూలకాలలో ఒకటి కావచ్చునని కొందరు భావించారు. అది జిర్కోనియంను పోలి ఉండాలని బోర్ సిద్ధాంతం సూచించింది. 1923లో కోపెన్‌హేగెన్‌లో కోస్టర్, హెవెసీ జిర్కోనియం ఖనిజంలోనే దానిని ఎక్స్-కిరణాలతో పట్టుకున్నారు. ఆ నగరం లాటిన్ పేరు నుంచి దానికి హాఫ్నియం అని పేరు పెట్టారు. మెండలీఫ్ రాసిన ప్రశ్నార్థకం తీరడానికి 54 ఏళ్లు పట్టింది.

మోస్లే చూపిన మిగిలిన ఖాళీలలో 75 (రీనియం) 1925లో దొరికింది. 43 (టెక్నీషియం)ను 1937లో కృత్రిమంగా తయారైన నమూనాలో గుర్తించారు. దానికి స్థిరమైన ఐసోటోపు లేదు కాబట్టి గనులలో వెదికినవారికి దొరకలేదు. 61 (ప్రొమీథియం) 1945లో తేలింది.

3.10 పట్టిక నేడు

యురేనియం (92) తరువాతి మూలకాలను 1940 నుంచి ప్రయోగశాలలో తయారుచేయసాగారు. ఇవి పాత పట్టికలో ఇమడలేదు. ఆక్టినియం నుంచి మొదలయ్యే మూలకాలను లాంథనైడ్ల కింద ఒక ప్రత్యేక వరసగా పెట్టాలని సీబోర్గ్ ప్రతిపాదించాడు. మీరు చూసే పట్టికలో అడుగున విడిగా ఉండే రెండు వరసలు అవే. 1955లో తయారైన 101వ మూలకానికి మెండలీవియం అని పేరు పెట్టారు.

113, 115, 117, 118 మూలకాలకు 2016లో నిహోనియం, మాస్కోవియం, టెనెసీన్, ఒగనెసాన్ అనే పేర్లు ఖరారయ్యాయి. దీనితో ఏడవ పీరియడ్ నిండింది. మెండలీఫ్ పట్టికకు 150 ఏళ్లు నిండిన 2019ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ ఆవర్తన పట్టిక సంవత్సరంగా ప్రకటించింది.

అయినా చర్చలు ముగియలేదు. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్‌ను సోడియం గ్రూపులో ఉంచాలా, క్లోరిన్ గ్రూపులో ఉంచాలా? స్కాండియం, యిట్రియంల కింద లాంథనం రావాలా, లుటీషియం రావాలా? ఇలాంటి ప్రశ్నలు ఈనాటికీ ఉన్నాయి. చార్టులో గడులన్నీ నిండినట్లు కనిపించినా, కొన్ని గడుల వెనుక ఇంకా ప్రశ్నార్థకాలు ఉన్నాయని గుర్తుంచుకోండి.

3.11 సారాంశం

డాబరీనర్ చిన్న చిన్న కుటుంబాలను గుర్తించాడు. కార్ల్స్‌రూ సమావేశం సరైన పరమాణు భారాలకు దారి చూపింది. న్యూలాండ్స్ పునరావృత్తిని గమనించినా, తెలియనివాటికి చోటు ఉంచలేదు. మెండలీఫ్ ఖాళీలు వదిలి, వాటిలో రావలసినవాటిని ముందే వివరించి, తన నియమాన్ని పరీక్షకు పెట్టాడు. పొసగని వాస్తవాలే పట్టికను ముందుకు నడిపాయి: నైట్రోజన్ సాంద్రతలోని స్వల్ప తేడా జడవాయువులను చూపింది, టెల్లూరియం, అయోడిన్‌ల చిక్కు పరమాణు సంఖ్యతో విడింది. వాటికి కారణాన్ని ఎలక్ట్రాన్ విన్యాసం వివరించింది.

3.12 మీరే చేసి చూడండి

లిథియం నుంచి కాల్షియం వరకు, జడవాయువులు తప్ప మిగిలిన మూలకాలకు ఒక్కొక్క చీటీ రాయండి. ప్రతి చీటీలో పరమాణు భారం, సంయోజకత, సాంద్రత రాయండి. ఇంట్లో ఎవరినైనా ఒక చీటీని మీకు తెలియకుండా తీసేయమనండి. మిగిలినవాటిని అమర్చి, తీసేసినదాని ధర్మాలను పక్కనున్న మూలకాల ఆధారంగా అంచనా వేసి కాగితంపై రాయండి. ఆ తరువాతే చీటీని చూడండి. అంచనా తప్పితే ఎందుకు తప్పిందో రాసుకోండి. ఆ కారణం కూడా ఈ పాఠంలో భాగమే.

3.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కార్ల్స్‌రూ సమావేశం ప్రాధాన్యాన్ని వివరించండి.
2. హీలియం ఆవిష్కరణలో 1868 సూర్యగ్రహణం పాత్రను తెలపండి.
3. మోస్లే ప్రయోగాల ఫలితంగా ఆవర్తన నియమం ఎలా మారింది?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘ఖాళీలు వదలడమే మెండలీఫ్ పట్టిక బలం.’ 1869 నాటి నాలుగు ప్రశ్నార్థకాల ఆధారంగా చర్చించండి.
2. పొసగని వాస్తవాలు ఆవర్తన పట్టిక అభివృద్ధికి తోడ్పడిన తీరును తగిన ఉదాహరణలతో వివరించండి.